పక్క మంచం దగ్గరి అన్నయ్యకు

ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన నాన్నగారిని నిన్న రాత్రి ఆసుపత్రి నుంచి విశాఖ మద్దిలపాలెం ఇంటికి తీసుకువచ్చాం. క్యాథెటర్ (మూత్రం గొట్టం) తీసేశాక మూత్రం దానంతట అదే వస్తోంది, కాస్త మంట మాత్రం ఉందంటున్నారు. ఆరు రోజులుగా నాకు సరైన నిద్ర లేదు, అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేకపోతున్నాను.

ఆయనకు 73 ఏళ్లు. రెండేళ్లు ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్, డ్యుటాస్టెరైడ్ మాత్రలు వాడినా మూడు నెలల్లో రెండుసార్లు మూత్రం పూర్తిగా ఆగిపోవడంతో ఆపరేషన్ తప్పలేదు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి బాగా పెద్దదై 100 గ్రాములు దాటి ఉంటే లేజరుతో ఒలిచి తీసే హోలెప్ గానీ, పొట్ట కోసి చేసే ఆపరేషన్ గానీ ఆలోచించేవారమని, 62 గ్రాములే కనుక మూత్రనాళం గుండా పరికరం పంపి లోపలి భాగాన్ని చెక్కి తీసే టీయూఆర్‌పీ సరిపోతుందని సర్జన్ గారు ఓపికగా వివరించారు. కరెంటుతో చెక్కే ఈ ఆపరేషన్‌లో పాత మోనోపోలార్ పద్ధతిలో కడగడానికి వాడే గ్లైసిన్ ద్రవం రక్తంలో కలిసి సోడియం పడిపోయే ప్రమాదం ఉందని, కొత్త బైపోలార్ పద్ధతిలో దాని బదులు సెలైన్ వాడతారు కాబట్టి ఆ భయం అంతగా లేదని కూడా చెప్పారు. రక్తస్రావం ఎందులోనైనా జరగవచ్చన్న మాటను మాత్రం నేను మనసుకు పట్టించుకోలేదు.

ఆ రాత్రి రెండున్నరకు నాన్నగారు పొత్తికడుపు పట్టేసిందని మూలుగుతుంటే ఆపరేషన్ నొప్పి అనుకున్నాను. పక్క మంచంలోని రోగికి తోడుగా వచ్చిన అనకాపల్లి ఆయన లేచి వచ్చి, మూత్రం సంచిని చేత్తో ఎత్తి చూసి, "అమ్మా, నీరు లోనికెల్తంది గాని బయటికి రాట్లేదు, గడ్డ అడ్డుపడ్డట్టుంది" అన్నారు. వెంటనే, మూత్రాశయం కడగడానికి క్యాథెటర్ గుండా ఎక్కిస్తున్న సెలైన్ ఆగేలా క్లాంపు బిగించి నర్సు కోసం పరుగెత్తారు. కిందటేడు ఆయన తండ్రికీ ఇలాగే జరిగిందట. డ్యూటీ డాక్టరు పెద్ద సిరంజితో సెలైన్ ఎక్కించి, నేరేడుపండు రంగు గడ్డలను బయటికి లాగాక గానీ నాన్నగారు ఊపిరి పీల్చుకోలేదు.

అప్పటికి పంచె, దుప్పటి రక్తంతో తడిసిపోయాయి. పంచె సరిగా లేకుండా ఏనాడూ నా ఎదుటికి రాని మనిషి, గోడవైపు ముఖం తిప్పుకుని "నువ్వు బయటికెళ్లమ్మా" అన్నారు. ఆ అన్నయ్య నన్ను వరండాలో కూర్చోబెట్టి, నాన్నగారిని తుడిచి, తన అన్నగారి కోసం తెచ్చుకున్న లుంగీని ఆయనకు చుట్టారు. తెల్లవారి చూస్తే నాన్నగారి పంచె కిటికీ ఊచలకు ఆరవేసి ఉంది, అంచున ఒక్క మరక లేదు. వేడినీళ్లు తగిలితే రక్తపు మరక వదలదని చన్నీళ్లలో నానబెట్టి ఉతికారట. నేను ఆ కిటికీ కిందే కూలబడి ఏడ్చాను.

ఇరవై ఎనిమిది మంచాలకు రాత్రిపూట ఒక్క నర్సును పెట్టడం ఏం న్యాయం? ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఐదు పేజీల ఇంగ్లీషు సమ్మతి పత్రం మీద ఐదు నిమిషాల్లో సంతకం పెట్టించుకున్నవారు, "సంచి నిండటం ఆగితే వెంటనే పిలవండి" అని తెలుగులో ఒక్క వాక్యం రాసి మంచం దగ్గర అంటించలేకపోయారు. ఈ ఆపరేషన్ తరువాత చాలామందిలో వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళుతుందన్న సంగతి డిశ్చార్జి కాగితం చూశాకే మాకు తెలిసింది. వయసు మళ్లిన మనిషికి అది చెప్పనక్కరలేదని ఎలా అనుకుంటారు?

మావారు, హైదరాబాదు నుంచి వచ్చిన తమ్ముడు, రోజూ క్యారియర్ పంపిన వదిన ఎలాగూ ఉన్నారు.

అన్నయ్యా, పేరు రాయవద్దన్నారు కనుక రాయలేదు. లుంగీ ఉతికి మడతపెట్టాను, మీ అన్నగారు ఇంటికి వెళ్లేలోపు తెచ్చి ఇస్తాను.

రాయడం మరిచాను, రక్తం ఇవ్వడానికి వచ్చి, అవసరం పడకపోయినా సాయంత్రం దాకా కూర్చున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరికీ కృతజ్ఞతలు. అర్ధరాత్రి మందుల దుకాణం షట్టరు మళ్లీ ఎత్తిన అబ్బాయికి, స్ట్రెచర్ కుదుపు లేకుండా తోసిన వార్డుబాయ్‌కి కూడా.