పేర్లు చెప్పలేని మా చెన్నై వాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మావారు మందు మానేశారు. మా ఇద్దరినీ చేయి పట్టుకుని ఈ దారిలోకి తెచ్చిన వాళ్లకు నలుగురి ముందు దణ్ణం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను. వాళ్ల పేర్లు మాత్రం రాయను. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో, అదే ఏఏలో, ఎవరు వస్తున్నారో బయట చెప్పకూడదన్నది కట్టుబాటు. మావారికి చదివి వినిపించి, ఆయన సరేనన్నాకే ఇది పెడుతున్నాను.

మాది నెల్లూరు జిల్లా. 1992లో మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు ఏకమై సారా అంగడి మూయించారు, అది రాష్ట్రమంతా పాకింది. అమ్మ ఆ కథ చెబుతుంటే ఎంత గర్వంగా వినేదాన్నో. అంగడి మూయించడానికి ఊరు కలిసొస్తుంది గానీ, ఇంట్లో మనిషి తాగుతుంటే ఆ ఇంటి ఆడదానికి తోడెవరూ రారు. ఎవరికి చెప్పుకుందామన్నా పరువు అడ్డమొస్తుంది.

పిల్లల మీద ఒట్టు వేయించాం. అయ్యప్ప మాల వేస్తే మండలం రోజులూ చుక్క ముట్టేవారు కాదు, శబరిమల నుంచి తిరిగొచ్చాక మళ్లీ మామూలే. అన్నంలో తెలియకుండా కలపమని బంధువొకరు ఏదో పొడి తెచ్చిచ్చారు. నేను కలపలేదు. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే మాత్ర) ఉంటే, దాని మీద మందు తాగితే వాంతులు, గుండెదడ మొదలై బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చని తర్వాత డాక్టరు చెప్పారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

మొదటి దణ్ణం మా పైవాటా అక్కకి. మావారు ఒకసారి పట్టుదలకు పోయి ఉన్నపళంగా ఆపేశారు. రెండో రోజుకల్లా చేతులు వణుకు, చొక్కా తడిసిపోయేంత చెమట, గోడ మీద ఏవో పాకుతున్నాయని అరుపులు. గాలి సోకిందన్నారు మా అత్తగారు. అక్క కిందికొచ్చి ఒక్క చూపు చూసి, మాట్లాడకుండా ఆటో పిలిచింది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు హఠాత్తుగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణమే పోవచ్చు. ఆపడం డాక్టర్ల కళ్లముందే జరగాలి. ఈ సంగతి అక్కకి తెలుసు, ఎందుకంటే వాళ్ల తమ్ముడు ఇదే బాధ పడి బయటపడ్డాడు.

అతను బాగుపడిన చోటికే మమ్మల్నీ తీసుకెళ్లింది. చెన్నై అడయారు ఇందిరానగర్‌లోని టీటీకే ఆసుపత్రి. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టిన సంస్థ అది. అంత దుఃఖంలో ఉండి ఇంకొకరి ఇల్లు నిలబెట్టాలని ఆలోచించిన ఆ తల్లికి ఏమిచ్చి రుణం తీర్చుకోను! అక్కడి డాక్టర్లకు, నర్సులకు, నన్ను కూడా కూర్చోబెట్టి ఇది జబ్బమ్మా అని ఓపిగ్గా చెప్పిన కౌన్సెలర్ గారికి నా నమస్కారాలు. ఇంటికెళ్లాక ఏఏ మీటింగులు మాత్రం వదలొద్దని పదే పదే చెప్పింది ఆవిడే.

మీటింగు ఒక చర్చి వెనక గదిలో. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి తమిళంలో 12 మెట్ల పటం, అంటే తాగుడు నుంచి బయటపడడానికి ఏఏ చెప్పే 12 సూత్రాలు. మావారికి పనికి సరిపడా తమిళం వచ్చు, మనసు విప్పేంత రాదు. తెలుగులో మాట్లాడవచ్చా అని అడిగితే "పేసుంగ", అంటే మాట్లాడండి, అన్నారట ఒక పెద్దాయన. ఈయన తెలుగులో చెబుతుంటే, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆ పెద్దాయన పక్కనే కూర్చుని ఒక్కో మాటా తమిళంలో చెప్పారట. తెలుగు రానివాళ్లు కూడా మావారి ముఖం వైపే చూస్తూ విన్నారట. ఆ రాత్రి ఇంటికొచ్చి, చాన్నాళ్ల తర్వాత నాతో కూర్చుని అన్నం తిన్నారు.

అక్కడ ఫీజు లేదు. ఇవ్వగలిగినవాళ్లు ఎంతో కొంత వేస్తారు, లేకపోతే లేదు. చేరడానికి కావలసింది మానాలన్న కోరిక ఒక్కటే. జన్మలో తాగనని ఒట్టు పెట్టమనరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉండమంటారు. 1935లో అమెరికాలో తాగుడు మానలేక అల్లాడిన ఇద్దరు ఒకరికొకరు ఆసరా అవడంతో మొదలైందట ఇది. ఆ బాధ పడ్డవాడి మాట ఎలా పనిచేస్తుందో నేను కళ్లారా చూశాను. మావారు పని నుంచి వచ్చే దారిలో టాస్మాక్, అంటే తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణం, ఉంది. సరిగ్గా ఆ వేళకి ఆయన స్పాన్సరన్న, అంటే ఏఏలో ముందే మానేసి ఈయనకు తోడుగా నిలిచిన అన్న, ఫోను చేసేవారు. పిల్లల చదువులు, క్రికెట్టు, ఏదో ఒకటి మాట్లాడుతూ, ఈయన మా మెట్లెక్కి తలుపు కొట్టేదాకా ఫోను పెట్టేసేవారు కాదు. ఆ అన్నకు, ఆ టైములో ఆయన్ని మాకు వదిలేసిన వదినకు, నా చేతులెత్తి దణ్ణం.

ఇక అలనాన్. ఇది 1951లో మొదలైంది, తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం. ఇలాంటిది ఒకటుందని మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. రోజూ చొక్కా వాసన చూడడం, బండి డిక్కీ వెతకడం నా ఒక్కదాని టెన్షనే అనుకునేదాన్ని. ఒకావిడ అర్ధరాత్రి టార్చి పట్టుకుని నీళ్ల ట్యాంకులో సీసాలు వెతికేదాన్నని చెప్పింది. అందరం ఏడ్చాం, తర్వాత అందరం నవ్వాం కూడా. నువ్వు తెచ్చిన జబ్బు కాదు, నువ్వు అదుపు చేయగలిగిందీ కాదు, నువ్వు నయం చేయగలిగిందీ కాదు అని ఆ అక్కలు చెప్పాక నాకు కంటినిండా నిద్రపట్టింది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు 14446కి ఫోను చేయండి, మత్తు అలవాట్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. చెన్నైలో ఉన్న తెలుగు చెల్లెళ్లు ఎవరైనా అలనాన్‌కి ఒక్కరే వెళ్లడానికి జంకుతుంటే, అందరి ముందూ రాయక్కర్లేదు, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. మొదటి రోజు మీతో నేనొస్తాను.