ఆ బీరువా తాళం తీయించండి, మంత్రి గారూ

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా యూనివర్సిటీ లైబ్రరీలోని పాత తెలుగు సినిమా క్యాసెట్ల సంగతి తమకు కొత్త కాదు. డిజిటైజ్ చేయిస్తామని మా స్నాతకోత్సవంలో మైకు ముందు చెప్పింది తమరే. ఆ భరోసాతోనే తెలుగు సినిమాల్లో పల్లె, భూమి తగాదాలు అనే అంశం మీద పీహెచ్‌డీకి రిజిస్టరయ్యాను. రిజిస్ట్రార్ గారికి, కమిషనర్ గారికి, తమ పేషీకి అర్జీలు పెట్టుకున్నాం. చేతికొచ్చినవి ఇన్‌వర్డ్ నంబర్లే.

క్యాసెట్లున్న ఇనుప బీరువా బాత్‌రూమ్ గోడకు ఆనించి ఉంది. తాళంచెవి దగ్గరున్న సారు డిప్యుటేషన్ మీద వెళ్లారు, చెవి కూడా ఆయనతోనే వెళ్లింది. అంతకుముందు తెరిచినప్పుడు చూశాను: వీహెచ్‌ఎస్ క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి బూజు. దాన్ని అలాగే ప్లేయర్లో పెడితే టేపూ పోతుంది, ప్లేయర్ హెడ్డూ పాడవుతుంది. రిజిస్టరులో చూద్దామంటే 'తెలుగు సినిమా, క్యాసెట్, పాతది' అని రాసి ఉంది. దర్శకుడెవరో లేదు, ఏ సంవత్సరమో లేదు.

ప్లేయర్ ముచ్చట ఇంకా బాగుంటుంది. వారంటీతో కొత్త వీసీఆర్ కావాలని టెండరు పిలిచారు. చివరిదాకా వాటిని తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లోనే ఆపేసింది. ఇక టెండరు ఎవరు వేస్తారండీ?

"యూట్యూబ్‌లో చూసుకోవచ్చుగా" అని సలహా ఇచ్చారొక అధికారి. చూశాను. మూల మీద ఛానెల్ ముద్ర, మధ్యలో కోతలు, మొదట రావాల్సిన సెన్సార్ సర్టిఫికెట్ మాయం. ఎన్ని రీళ్లు, ఎంత నిడివి అన్నది దాని మీదే ఉంటుంది. అది లేకుండా నేను చూసింది పూర్తి సినిమానో, సగమో ఎలా చెప్పను? మాకు కథ ఒక్కటే చాలదు సార్. హీరో వెనక కనిపించే అంగడి, పాలేరు కట్టుకున్న బట్ట, దొర ముందు ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, ఇవన్నీ ఆపి ఆపి చూసుకోవాలి.

కాపీరైట్ అడ్డమంటున్నారు. 1957 చట్టం సెక్షన్ 52 తీయమనండి. చదువులో భాగంగా సిబ్బందికి, విద్యార్థులకు సినిమా వేస్తే ఉల్లంఘన కాదని అందులోనే ఉంది. సినిమా మీద హక్కు కూడా విడుదలైన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లే. 1938 నాటి 'మాలపిల్ల'కు, 1939 నాటి 'రైతుబిడ్డ'కు ఏ గడువు మిగిలింది? గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ'ను అప్పట్లో జమీందార్లు అడ్డుకున్నారు. ఇప్పుడు జమీందార్లు లేరు, గోద్రెజ్ తాళం ఉంది.

ఢిల్లీలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆఫీసు 1962 నుంచి మన పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపుతోంది. మన పల్లె మీద పని చెయ్యడానికి మేం కూడా వీసాకు అప్లై చేసుకోవాలా? (స్కాలర్‌షిప్ బకాయిల సంగతి ఈ ఉత్తరంలో ఎత్తడం లేదు, అది మరో ఉత్తరం.)

ఈ వానాకాలం లోపు బీరువాను ఆ గోడ దగ్గర్నుంచి జరిపించండి. తాళం పగలగొట్టించండి. బూజు తుడిచే పని తెలిసినవాళ్లను పంపండి. పాతదైనా సరే, నడిచే ప్లేయరొకటి ఇప్పించండి. క్యాటలాగు పని మేమే చేస్తాం, జీతం అడగం. డిజిటైజేషన్ ఎప్పుడో చెప్పండి. చెయ్యలేమంటే అదైనా కాగితం మీద రాసివ్వండి, మా గైడు గారు రిటైరయ్యేలోపు అంశం మార్చుకుంటాను.

ఇట్లు,
తమ విధేయ పరిశోధక విద్యార్థి