బయటి మెకానిక్‌లకూ మరమ్మతు సమాచారం ఇవ్వాలి

సంపాదకులకు,

మాది విజయవాడలోని పటమట. నా భార్యకు వారానికి మూడుసార్లు సూర్యారావుపేటలో డయాలసిస్. ఎక్కడానికి, దిగడానికి ఆమెకు వీలుగా ఉంటుందని 2021లో సీటు ఎత్తుగా ఉన్న డీజిల్ కారు కొన్నాను. రానూపోనూ పది కిలోమీటర్లు, అదీ బెంజి సర్కిల్ రద్దీలో. అంతకు మించి మా బండి తిరిగేది తక్కువ.

పోయిన కార్తీక మాసంలో ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తుండగా మీటర్ల మధ్య పసుపు లైటు వెలిగింది. కాసేపటికి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం మానేసింది. చుట్టూ హారన్లు. వెనక సీట్లో నీరసంతో కళ్లు మూసుకుని పడుకున్న మనిషి. ఆ పావుగంట నేను మరిచిపోలేను.

కారణం పొగగొట్టం దారిలో ఉండే డీపీఎఫ్ అనే జల్లెడ. 2020 ఏప్రిల్‌లో వాహనాల పొగకు బీఎస్-6 అనే కాలుష్య నిబంధనలు అమలయ్యాక కొత్త డీజిల్ కార్లలో ఇది తప్పనిసరి భాగమైపోయింది. ఇంజను వదిలే మసిని పట్టి ఉంచుతుంది. మసి నిండితే ఇంజను కాస్త ఎక్కువ డీజిల్ వదిలి, పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి దాన్ని కాల్చేస్తుంది. అందుకు బండి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా వేగంగా పోవాలి. ఐదు కిలోమీటర్లకే ఆగే బండిలో ఆ పని ప్రతిసారీ సగంలో నిలిచిపోతుంది. గాలిని కాపాడే ఏర్పాటును నేను తప్పుపట్టను. కానీ మా వాడకం ఎలాంటిదో వివరంగా చెప్పి కొన్నా, షోరూములో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే పెట్రోలు బండి తీసుకునేవాణ్ని.

సర్వీస్ సెంటర్‌లో జల్లెడ మొత్తం మార్చాలన్నారు. అంచనా 1,38,000 రూపాయలు. వాడకం వల్ల వచ్చిన లోపం కనుక వారంటీ వర్తించదన్నారు.

ముప్పై ఏళ్లుగా నా బండ్లు చూస్తున్న ఆటోనగర్ మెకానిక్‌కు చూపించాను. నా పాత అంబాసిడర్ ఇంజనును రెండుసార్లు విప్పి బిగించిన మనిషి. స్కానర్ పెట్టి చూసి, "జల్లెడ బాగానే ఉంది సార్, మసి నిండిందంతే. బండిని నిలబెట్టే కాల్చవచ్చు. ఆ ఆదేశం ఇవ్వాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మాకివ్వరు" అన్నాడు. తెలిసిన పనిని చేయలేక ఆయన అలా నిలబడితే నాకు కష్టంగా అనిపించింది. చివరికి బండిని లారీకెక్కించి ఏలూరులోని సర్వీస్ సెంటర్‌కు పంపితే అక్కడ అదే పని చేశారు. లారీ బాడుగతో కలిపి 12,500 అయింది. జల్లెడ ఇప్పటికీ పాతదే.

ఇది నా ఒక్కడి బాధ కాదు. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని, మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అవన్నీ బహిరంగ మార్కెట్‌లో దొరకాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు సమాచారం ఒకచోట చూసుకునేందుకు 'రైట్ టు రిపేర్' (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చి అందులో వాహనాలనూ చేర్చింది. పోర్టల్‌తో సరిపోదు. న్యాయమైన ధర కట్టిన ప్రతి మెకానిక్‌కూ ఆ సాఫ్ట్‌వేర్ ఇవ్వాలని చట్టం చేయాలి. ఖరీదైన విడిభాగాల ధరలు కొనేనాడే కాగితం మీద రాసివ్వాలి.

అంతవరకు ప్రతి ఆదివారం ఉదయం, ఎక్కడికీ పని లేకపోయినా, మసి కాలడం కోసం గన్నవరం దాకా హైవే మీద వెళ్లి వస్తున్నాను.

— నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి, పటమట, విజయవాడ