పెన్‌డ్రైవ్ తీయొచ్చో లేదో చెప్పండి చాలు

సంపాదకులకు నమస్కారం.

పాత కంప్యూటర్ల గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని యంత్రాలను విండోస్ 11 రానివ్వదు, కాబట్టి వాటిని పారేయకుండా, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోండి అని అందులో రాశారు. నా మాటా అదే. ఏడేళ్లుగా నా పనంతా లైనక్స్ మీదే నడుస్తోంది. ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు, రిటైరయ్యాక ఉత్తరాలు, లెక్కలు, అన్నీ అందులోనే. కానీ "అరగంటలో ఎవరైనా వేసుకోవచ్చు, ఆ తర్వాత ఏ ఇబ్బందీ ఉండదు" అన్న వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ రాసినాయనకి మరదలు ఫోన్ చెయ్యదు కాబోలు.

నాకు చేస్తుంది. తమ్ముడి లాప్‌టాప్‌లో లైనక్స్ వేసిచ్చింది నేనే మరి. నాలుగో రోజునే మొదలైంది. "వదినా, కీబోర్డు పోయింది. పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క అక్షరం పడటం లేదు" అంది. సంగతేమిటంటే, ప్రింటర్ కదలడం లేదని నెట్‌లో వెతికితే ఎవరో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) తెరిచి ఫలానా లైను కొట్టమన్నారట. కొట్టింది. అది పాస్‌వర్డ్ అడిగింది. మామూలుగా అక్కడ మనం ఏం కొట్టినా చుక్కలు కూడా కనబడవు. పక్కన నిలబడి చూసేవాళ్లకి పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో కూడా తెలియకూడదని ఆ జాగ్రత్త. ఒకే గదిలో పదిమంది వరసగా కూర్చుని పనిచేసే చోట దానికి అర్థం ఉంది. ఇంట్లో ఒక్కర్తే కూర్చున్న మనిషికి మాత్రం కీబోర్డు చచ్చిపోయిందనే అర్థం. "కనబడకపోతే పోనీ, పూర్తిగా కొట్టేసి ఎంటర్ నొక్కు" అన్నాను, పనైపోయింది. లైనక్స్ రకాల్లో ఒకటైన మింట్‌లో చాలాకాలం నుంచీ ఇక్కడ నక్షత్రాలు కనిపిస్తాయి. ఒక్క లైను సెట్టింగ్ అది. మిగతావాళ్లలో చాలామందికి ఇన్నాళ్లూ ఏం అడ్డొచ్చిందో నాకు తెలియదు.

ఇది చిన్న విషయమే. అసలు చెప్పాలనుకున్నది పెన్‌డ్రైవ్ సంగతి.

తమ్ముడి రిటైర్మెంట్ రోజు తీసిన వీడియో నా కంప్యూటర్‌లో ఉంది. ఒకటిన్నర జీబీ. టీవీలో అందరం కలిసి చూద్దామని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టాను. నీలం గీత చకచకా పాకి, పది సెకన్లు కూడా కాకముందే చివరికి వెళ్లిపోయింది. కాపీ కిటికీ మూసుకుంది. "అబ్బో, ఎంత స్పీడో" అనుకుని పెన్‌డ్రైవ్ లాగి టీవీకి పెట్టాను. ఫైలు పేరుంది, సైజుంది, వీడియో మాత్రం నలభై సెకన్లు ఆడి బొమ్మ బిగుసుకుపోయింది. అందరూ నా వంక చూశారు. లైనక్స్ గొప్పదని ఇంటిల్లిపాదికీ చెప్పింది నేనేగా!

తర్వాత కూర్చుని ఎందుకిలా అయిందో తెలుసుకున్నాను. లైనక్స్ ఫైలును ముందు కంప్యూటర్ మెమరీలో (ర్యామ్‌లో) పెట్టుకుంటుంది. అక్కడి నుంచి వెనకాల తీరిగ్గా పెన్‌డ్రైవ్‌లోకి దింపుతుంది. ఇలా దింపకుండా అట్టేపెట్టుకునే సరుకుకి ఒక హద్దు ఉంది. మామూలుగా అది అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం. మెమరీ కొద్దిగా ఉన్న రోజుల్లో 20 శాతం అంటే పెద్ద లెక్కేం కాదు. నా కంప్యూటర్‌లో 16 జీబీ ఉంది. అందులో చాలావరకు ఖాళీయే కాబట్టి నా వీడియో మొత్తం ఆ హద్దు లోపలే ఇమిడిపోయింది. నా పాత పెన్‌డ్రైవ్ సెకనుకి 10 ఎంబీ రాస్తుందనుకుందాం. 1,500 ఎంబీకి 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు. గీత మాత్రం పది సెకన్లలో "అయిపోయింది" అంది. లెక్కల టీచరుని, ఈ తేడా నాకు మింగుడుపడదు. పేపర్లు దిద్దకుండానే మార్కుల పట్టిక పంపినట్టుంది.

ఎజెక్ట్ గుర్తు నొక్కకుండా లాగడం నీ తప్పే అంటారు. ఒప్పుకుంటాను. ఇప్పుడు నొక్కుతున్నాను కూడా. నొక్కగానే "ఇంకా రాస్తున్నాను, తీయవద్దు" అని మంచి మాటే చెబుతుంది. అంటే పని పూర్తికాలేదని దానికి తెలుసన్నమాట! తెలిసి కూడా, నేను అడిగేదాకా దాచిపెట్టి, ఈలోపు అయిపోయిందని గీత చూపించడం ఏం న్యాయం? నిదానమైన పెన్‌డ్రైవ్‌ల దగ్గర ఈ శాతాల లెక్క తెచ్చే చిక్కుల మీద కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి కోడ్) రాసేవాళ్లు 2013లోనే చర్చించుకున్నారు. లోపలి లెక్క మార్చడం కష్టమైతే మార్చవద్దు. పెన్‌డ్రైవ్ లాంటి, ఊడదీసే వాటి విషయంలో ఆ కాపీ కిటికీని చివరి అక్షరం దిగేదాకా మూయకుండా ఉంచండి. నేను ఓపిగ్గా కూర్చుంటాను. రెండున్నర నిమిషాలకి ఎవరి కొంపా మునగదు.

ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నుంచి లైనక్స్ మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగునా ఆ కెర్నెలే ఉంది. అంత పని చేయగలిగినవాళ్లకి ఇది చేతకాదంటే నేను నమ్మను. కాకపోతే కెర్నెల్‌లోకి వచ్చే కోడ్‌లో ఎక్కువ భాగం రాసేది పెద్ద కంపెనీల జీతం మీద ఉన్న ఇంజనీర్లు. వాళ్లకి కావలసింది సర్వర్లు. సర్వర్‌కి గుచ్చిన పెన్‌డ్రైవ్‌ని లాగి టీవీకి పెట్టేవాళ్లెవరూ అక్కడ ఉండరు.

ఇక నీలం తెర. తమ్ముడి లాప్‌టాప్‌లో లైనక్స్ వేసేటప్పుడు, బయటి డ్రైవర్లు (గ్రాఫిక్స్ లాంటి భాగాలను నడిపే ప్రోగ్రాములు) కూడా వేయమంటారా అని అడిగితే టిక్కు పెట్టాను. వెంటనే ఒక పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాను. ఎందుకో ఒక పేరా రాసి ఉంది గానీ, నిజం చెప్పాలంటే నాకూ సగమే అర్థమైంది. "ఇంక రీస్టార్ట్ చేసుకో" అని చెప్పి వచ్చేశాను. వాడు రీస్టార్ట్ చేస్తే తెర మొత్తం నీలం. దానిమీద "పెర్ఫార్మ్ ఎంఓకే మేనేజ్‌మెంట్", ఏదో ఒక కీ నొక్కు, పది సెకన్లే టైము అని అంకెలు తగ్గుతున్నాయి. వాడికి టెన్షన్ వచ్చేసింది, వైరస్ అనుకున్నాడు. ఏదో నొక్కాడు. నాలుగు వరసలు వచ్చాయి. మొదటిది "కంటిన్యూ బూట్". బుద్ధి ఉన్నవాడెవడైనా అదే నొక్కుతాడు, వాడూ అదే నొక్కాడు. సరిగ్గా అదే నొక్కకూడనిది. దాంతో గ్రాఫిక్స్ డ్రైవర్‌ని సెక్యూర్ బూట్ అనే కాపలా లోపలికి రానివ్వలేదు, తెరమీద అక్షరాలన్నీ ఉబ్బిపోయి కనిపించాయి.

ఎంఓకే అంటే యంత్రం యజమాని తాళంచెవి. "ఈ డ్రైవర్‌ని నేనే వేశాను, రానివ్వు" అని యజమాని స్వయంగా చెప్పాలన్నమాట. ఏర్పాటు మంచిదే. దొంగ డ్రైవర్లు చొరబడకుండా ఉంటాయి. కానీ ఆ మాట తెరమీద ఎక్కడుంది? రీస్టార్ట్ చేయబోయే ముందు, "ఇప్పుడొక నీలం తెర వస్తుంది, భయపడకండి. రెండో వరస ఎన్‌రోల్ ఎంఓకే నొక్కండి, ఇందాక పెట్టిన పాస్‌వర్డే కొట్టండి" అని పెద్ద అక్షరాలతో చూపించి, ఫోన్‌తో ఫొటో తీసుకోమంటే సరిపోయేది. ఆ నీలం తెరని మార్చనక్కర్లేదు కూడా.

హార్డ్ డిస్కుల పేర్లదీ ఇదే తంతు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు కనిపిస్తే ఏది లాప్‌టాప్‌ది, ఏది నేను గుచ్చింది? "ఈ డిస్కులో 212 జీబీ ఫైళ్లు ఉన్నాయి, అందులో విండోస్ ఉంది, అంతా పోతుంది" అని చెబితే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో ఒకే ప్రోగ్రాం రెండుసార్లు, మూడుసార్లు కనిపించడం ఇంకో తలనొప్పి. ఒకటి ఫ్లాట్‌ప్యాక్, ఒకటి స్నాప్, ఒకటి మామూలు డెబ్, ఒకే సరుకుని మూడు రకాలుగా కట్టిన పొట్లాలన్నమాట. వాటిలో కొన్నింటిని రక్షణ కోసం కంచె లోపల ఉంచుతారు కాబట్టి పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు వాటికి కనబడవు. "నాకు అనుమతి లేదు" అనొచ్చుగా. అనదు, ఫోల్డర్ ఖాళీ అంటుంది. ఉన్న ఫొటోలు లేవంటే గుండె ఆగదా?

హెచ్చరికలు లేకపోలేదు. అవి మనుషులు చదివేలా ఉండవు. 2021లో లక్షలమంది చూసే ఒక యూట్యూబర్ గేముల కోసం స్టీమ్ వేసుకోబోయి డెస్క్‌టాప్‌నే పోగొట్టుకున్నాడు. ముఖ్యమైన ప్యాకేజీలు పోతాయని టెర్మినల్ చెప్పింది. కానీ పేర్ల చేంతాడంత జాబితా మధ్యలో చెప్పింది. కింద, నిజంగా కావాలంటే "యెస్, డూ యాజ్ ఐ సే!" అని టైపు చెయ్యమంది. అతను చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. చదవకపోవడం అతని తప్పే అని చాలామంది నవ్వారు. ఏపీటీ (ప్రోగ్రాములు వేసే, తీసేసే ఆ సాధనం) రాసేవాళ్లు మాత్రం నవ్వి ఊరుకోలేదు. అంత ముఖ్యమైనవాటిని అంత తేలిగ్గా తీసేయడానికి వీల్లేకుండా పద్ధతినే మార్చారు. నాకు నచ్చింది అదీ. ముప్ఫై మందిలో ఇరవై మంది ఒకే లెక్క తప్పు చేస్తే పిల్లల్ని తిట్టి లాభం లేదు, నేను చెప్పిన తీరులోనే ఏదో ఉందని ఎన్నోసార్లు బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టాను.

కొత్త రంగులు, గుండ్రటి మూలలు, కదిలే ఐకాన్లు కావాలని సలహాలు రాసేవాళ్లకి నాదొక మనవి. అవి ఇప్పటికే చాలా ఉన్నాయి. అచ్చం విండోస్‌లా ఉండాలని కూడా నేను అడగను. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే వేసుకునే సౌకర్యం లైనక్స్‌లో ఉంది. టైమ్‌షిఫ్ట్ లాంటిదాంతో నిన్నటి స్థితికి సిస్టమ్‌ని వెనక్కి తిప్పుకోవడమూ ఉంది. ఆ టైమ్‌షిఫ్ట్ వల్ల నేనే రెండుసార్లు బతికి బయటపడ్డాను. వీటిని మెనూ అడుగున దాచకుండా మొదటి రోజే చూపిస్తే అదే పెద్ద సాయం.

ఇవన్నీ వాళ్లకే రాయొచ్చుగా అని మీరు అనొచ్చు. రాశాను. ఉబుంటు అనే లైనక్స్ రకం మొదలవుతున్న 2004లో దాన్ని స్థాపించిన మార్క్ షటిల్‌వర్త్ ఫిర్యాదుల జాబితాలో ఒకటో నంబరుగా "మార్కెట్లో ఎక్కువ వాటా మైక్రోసాఫ్ట్‌ది" అని రాసుకున్నాడు. 2013లో ఆయనే దాన్ని మూసేశాడు. నాది అంత పెద్ద ఫిర్యాదేం కాదు. నేను వాడే డిస్ట్రో (లైనక్స్ రకం) వాళ్లకి పెన్‌డ్రైవ్ సంగతి రాయబోతే కెర్నెల్ ఏది, వెర్షన్ ఏది, లాగ్ (కంప్యూటర్ రాసుకునే చిట్టా) ఏది అని అడిగారు. రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ జతచేశాను. ఏడాది దాటాక ఒక జవాబు వచ్చింది, అదీ మనిషి రాసింది కాదు. "మీరు చెప్పిన వెర్షన్‌కి కాలం తీరింది, అందుచేత ఈ ఫిర్యాదు మూసేస్తున్నాం" అని. వెర్షన్ పోయింది, తప్పు మాత్రం కొత్త వెర్షన్‌లోకి నాకంటే ముందే వెళ్లి కూర్చుంది.

2009లో ఉబుంటు వాళ్లే ఒక మంచి పని చేశారు. కాగితం అంచుకి వేలు కోసుకున్నట్టు చిన్నవే అయినా చురుక్కుమనే తప్పులు, తేలిగ్గా సరిచేయగలిగినవి, ఒక వంద ఏరి 9.10 వెర్షన్ విడుదలలోగా సరిచేద్దామని పూనుకున్నారు. వాటికి పేపర్ కట్స్ అని పేరు పెట్టారు. అలాంటిది అన్ని డిస్ట్రోలూ ఏడాదికొకసారి చేస్తే బాగుండును. ఆ వందా ఏరే పని మాత్రం కోడ్ రాసేవాళ్లకి ఇవ్వకూడదు. మా మరదలి పక్కన ఒక కాగితం, పెన్సిలు పట్టుకుని ఎవరైనా ఒక పూట కూర్చుంటే చాలు. ఆవిడ నన్ను పిలిచినప్పుడల్లా ఒక గీత గీసుకోవచ్చు.

పోయిన నెల నా ఫిర్యాదుని కొత్త వెర్షన్ నంబరుతో మళ్లీ తెరిచాను. ఈసారి లాగ్‌లతో పాటు ఆ కాపీ కిటికీలో ఏ మాటలుండాలో కూడా తెలుగులో, ఇంగ్లీషులో రాసి పెట్టాను. ముందు మరదలికి చదివి వినిపిస్తే, రెండో వాక్యం పొడుగైంది వదినా అని ఆవిడే కుదించింది. ఇప్పుడు ఇలా ఉంది: "ఇంకా రాస్తున్నాను, రెండు నిమిషాలు పడుతుంది. అయ్యాక చెప్తాను, అప్పటిదాకా తీయకండి."

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచరు