యువతలో క్యాన్సర్: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

శ్రీకాకుళంలో జబ్బు మాటెత్తితే ముందు ఉద్దానం కిడ్నీలే గుర్తొస్తాయి. క్యాన్సర్ పెద్దవాళ్లకే వస్తుందన్న ధీమా మనది. అందుకే ఈ ఏడాది మన పనంతా 15 నుంచి 39 ఏళ్ల లోపు వాళ్ల కోసమే పెట్టుకున్నాం.

ఎక్కువగా మాట్లాడింది మోకాలి నొప్పి గురించి. ఆర్మీ, పోలీసు సెలెక్షన్ల కోసం కోడి రామ్మూర్తి స్టేడియంలో పరుగులు తీసే కుర్రాళ్లకు కాళ్ల నొప్పులు మామూలే. నూనె రాయించి, కట్టు కట్టించుకుని మళ్లీ పరుగుకొస్తారు. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ కూడా సరిగ్గా ఎదిగే వయసులోనే, ఎక్కువగా మోకాలి దగ్గరే వస్తుంది. రాత్రి నిద్రలేపే నొప్పి, తగ్గని వాపు ఉంటే మర్దనా మానేసి ఎక్స్‌రే తీయించమన్నాం. అనుమానం వస్తే, ఆపరేషన్ చేసే క్యాన్సర్ ఆసుపత్రిలోనే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి. ముక్క తీయకూడని చోట తీస్తే తర్వాత కాలు నిలబెట్టడం కష్టమవుతుంది. ముందు కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు), ఆపరేషన్, మళ్లీ కీమో: ఈ వరసలో ఇప్పుడు చాలామందికి కాలు తీయకుండానే వైద్యం చేస్తున్నారు.

మెడలో నొప్పి లేని బిళ్ల కడితే టీబీ కావచ్చు, హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ కావచ్చు. పరీక్ష లేకుండా నెలల తరబడి టీబీ మందులు మింగొద్దు. ఈ లింఫోమా చాలావరకు నయమయ్యేదే.

కీమో వల్ల తర్వాత పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు కాబట్టి, దానికి ముందే వీర్యం భద్రపరచుకోవచ్చని మన సభలో చెప్పగానే వెనక వరస పెద్దలు టీ తాగొస్తామని లేచిపోయారు! ఒక కుర్రాడు మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, "మరి పెళ్లిచూపుల్లో ఇది చెప్పాలా సార్?" అని అడిగాడు. డాక్టరు గారు అతనితో చాలాసేపు కూర్చున్నారు. వచ్చేసారి అబ్బాయిలకు, అమ్మాయిలకు సభలు విడివిడిగా పెడదాం.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. చిక్కంతా కార్డుతోనే. పెళ్లయ్యాక పుట్టింటి కార్డులో పేరు తీసేసి, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కని ఆడపిల్లలు ఎక్కువ అవస్థ పడ్డారు. సచివాలయం చుట్టూ తిరగడమే మనవాళ్లకు పెద్ద పనైంది. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే వాళ్ల దారి ఖర్చులకు, గది అద్దెలకే నిధిలో ఎక్కువ భాగం పోయింది. పద్దులు కోశాధికారి చదువుతారు.

వచ్చే ఏడాది 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి బడుల్లో చెబుతాం. ఆమదాలవలసలో రైలెక్కించి, అగనంపూడి ఆసుపత్రికి దగ్గరి స్టేషనైన దువ్వాడ దాకా రోగికి తోడు వెళ్లగలిగినవారు కార్యదర్శికి పేరివ్వండి.