ఒకే మందు, రెండు పేర్లు

సంపాదకుడు గారికి,

మా అమ్మకి 78 ఏళ్లు. కిందటి నెల ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, లేచి నిలబడితే చాలు కళ్లు తిరుగుతున్నాయనేది. నీరసం అనుకున్నాం. మూడో రోజు బాత్‌రూమ్ గుమ్మంలో పడిపోయింది. అప్పుడు చూస్తే పాత బీపీ మాత్ర, ఆసుపత్రిలో రాసిన కొత్త మాత్ర రెండూ రోజూ వేస్తున్నారు, పేర్లు వేరే గానీ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో రెండింటి మీదా అసలు మందు పేరు టెల్మిసార్టాన్ (బీపీ తగ్గించేది) అనే ఉంది! ఇంటికొచ్చి చూసుకునే నర్సమ్మాయిని తిట్టి ఏం లాభం, పాతది ఆపమని ఆమెకి ఎవరూ చెప్పలేదు, మాకూ చెప్పలేదు.

వయసు మీద పడ్డాక మూత్రపిండాల పనితనం తగ్గి కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి, అందుకే కుర్రాళ్లకి పడే డోసు పెద్దవాళ్లకి ఎక్కువైపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హాని తగ్గించాలని కార్యక్రమం పెట్టినప్పుడు మూడు విషయాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టమంది, అందులో రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి మారే సమయం కూడా ఉంది.

విశాఖలో పిల్లలు ఎక్కడో దూరాన ఉండి, కేర్‌టేకర్ల చేతిలో మందులు వేసుకునే పెద్దవాళ్లు ఎంతమందో. దయచేసి ఆసుపత్రులు డిశ్చార్జి కాగితం మీద ఏ మాత్ర కొనసాగించాలో, ఏది ఆపాలో, మందు అసలు పేరుతో సహా తెలుగులో రాసివ్వాలి. ఇంట్లో ఉన్న పాత స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి తెమ్మని నర్సు ముందే చెప్పి, ఒక్కొక్కటీ చూసి పంపిస్తే పావుగంట పట్టదు.

- ఒక కూతురు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం