కాటా లైబ్రరీ కొత్త వర్షన్, ఆదోనిలో ఏమైందో కూడా చెప్తా

అన్నలందరికీ నమస్కారం, కర్నూలు నుంచి. వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) ఇండికేటర్ నుంచి బరువు చదివి మీ బిల్లింగుకి ఇచ్చే మన లైబ్రరీ, అంటే మీ ప్రోగ్రాంలో కలుపుకునే కోడ్, ఉంది కదా, దాని గురించే.

పోయిన అప్‌డేట్ ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో పడిపోయింది. గేటు బయట పత్తి ట్రాక్టర్లు లైన్లో ఉంటే లోపల రెండు గంటలు చేత్తో చీటీలు రాసుకున్నారు. తప్పు పూర్తిగా మాదే.

ఇండికేటర్ నుంచి లైను "ఎస్‌టీ, జీఎస్, +0012340 కేజీ" అని వస్తుంది, అందులో నంబరు తీయడానికి రెజెక్స్ (అక్షరాల వరసలో కావలసిన ముక్కని వెతికి తీసేది) వాడినాం, సీ ప్లస్ ప్లస్ భాషలో 2011 వర్షన్ నుంచి ఉన్నదే కదా ఎక్కడైనా నడుస్తుందిలే అనుకున్నాం. ఆ మిల్లు కంప్యూటర్లో సెంటోస్ 7 (పాత లినక్స్), దాంట్లో జీసీసీ (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే కంపైలర్) 4.8.5. అందులో రెజెక్స్ హెడర్ (ఏమేం వాడుకోవచ్చో చెప్పే ఫైలు) ఉంటుంది, కంపైల్ కూడా శుభ్రంగా అయిపోతుంది, కానీ లోపల అసలు పని చేసే కోడ్ 4.9లోనే వచ్చింది. మొదటి బండి కాటా ఎక్కగానే ఎర్రర్ కొట్టి ప్రోగ్రాం మూసుకుంది. హెడర్ ఉందా లేదా అని మాత్రమే చూసినాం, నడుస్తుందా అని చూడలే. మా దగ్గర కొత్త లినక్స్ ఉబుంటు 24.04, జీసీసీ 13, అక్కడ అన్నీ పాస్!

ఇప్పుడు రెజెక్స్ తీసేసి నంబరు చదివే కోడ్ మేమే రాసినాం. ఇకమీదట ఏ కొత్త ఫీచర్ వాడినా బిల్డ్ టైంలో సీమేక్‌తో (బిల్డ్ సెట్ చేసే టూల్) చిన్న ప్రోగ్రాం కంపైల్ చేసి, రన్ కూడా చేసి, సరైన జవాబు వస్తేనే వాడతాం, రాకపోతే మా సొంత కోడ్.

టెస్టింగుకి డాకర్‌లో (ఒకే మెషీన్లో వేరే వేరే సిస్టంలని కంటైనర్లుగా నడిపే టూల్) సెంటోస్ 7, ఉబుంటు 20.04, 22.04, 24.04 నాలుగూ పెట్టినాం. సెంటోస్‌కే ఒక పూట పోయింది, 2024 జూన్ 30తో దాని సపోర్ట్ అయిపోయింది కాబట్టి ప్యాకేజీలు తెచ్చే యమ్ టూల్‌కి పాత అడ్రస్‌లో ఏమీ దొరకదు, పాత వర్షన్లు దాచిపెట్టే వాల్ట్ సర్వర్‌కి మార్చుకోవాల. నిజం కాటా లేకుండా ఎట్లా అంటే, మిల్లుల్లో రికార్డు చేసుకున్న లైన్లని సోక్యాట్ అనే టూల్‌తో ఉత్తుత్తి సీరియల్ పోర్టులోకి (ఇండికేటర్ వైరు తగిలించే పోర్టు లాంటిది) పంపుతున్నాం, మధ్యలో తెగిపోయిన లైన్లు కూడా కలిపి.

సెంటోస్ 7 వాడేవాళ్ళకి ఈ పత్తి సీజన్ అయ్యేవరకు సపోర్ట్ ఇస్తాం, ఆ తర్వాత కష్టం అన్నా, సిస్టం మార్చుకోండి, మేమే వచ్చి చేసిస్తాం. మీ దగ్గర జీసీసీ వర్షన్ ఎంతో ఒక మెసేజ్ పెట్టండి, మా లిస్టులో లేకపోతే దానికీ ఒక కంటైనర్ పెట్టి టెస్ట్ చేసినాకే మీకు అప్‌డేట్ పంపుతాం. ఆదోని మిల్లుకి ఈ ఏడాది మెయింటెనెన్స్ డబ్బులు తీసుకోవడం లేదు.